బరువు వెయ్యొద్దన్న గుర్రం

మేం మిలటరీ పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం. మంచు రాళ్లలా మొహాన కొడుతోంది. రోడ్డు అక్కడితో ఆఖరు. ఆపైన ఏ బండీ ఎక్కదు. పై పోస్టులకి కిరోసిన్, బియ్యం, మందుగుండు అన్నీ గుర్రాల మీదే వెళ్లాలి. మాది చోడవరం, ఎడ్లతో పెరిగేనని చెప్తే నన్ను గుర్రాల షెడ్డులో వేసేరు.

పశువుల డాక్టరు ఒక కెప్టెన్ మేడమ్. దెబ్బతిన్న గుర్రాన్ని మళ్లీ నడిపించే పని నేర్పడానికి మాలో కొందర్ని ఏరింది. వాచిన కాలికి చన్నీళ్ల ధార. వీపు కండల్ని అరచేత్తో, తర్వాత మోచేత్తో నొక్కడం. కాలు మడిచి, ముందుకి చాపి, అలాగే పట్టుకోవడం. నేల మీద కర్రలు పరిచి వాటి మీదుగా నెమ్మదిగా దాటించడం.

"తొందరపడ్డావంటే మొదటికొస్తుంది," అనేది మేడమ్.

నాకు అప్పగించింది ఒక గోధుమరంగు ఆడగుర్రం. ఐసు మీద జారి ముందుకాలి నరం చితికింది. రికార్డులో దానికి నంబరే ఉంది. నేను చిట్టి అని పిలిచేను. శీతాకాలమంతా దానితోనే. నా వేళ్లు పగిలి నెత్తురొచ్చేది. మొదట్లో ఆ కాలు నేలకి ఆనించేదే కాదు. మంచు కరిగే వేళకి కర్రలన్నీ దాటింది.

మేడమ్ కాలు తడిమి చూసింది. "నడక వచ్చింది. బలం ఇంకా రాలేదు. నేను చెప్పేదాకా బరువు వెయ్యొద్దు," అని సెలవు మీద వెళ్లింది.

ఆ వారమే పై పోస్టు తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నాడని కబురు. మిగతా గుర్రాలన్నీ అప్పటికే సామాన్లతో పైకెళ్లేయి. మేజరు పెట్టెలు మోయించుకుని షెడ్డులోకి వచ్చేడు.

"ఇది నడుస్తోంది కదా?"

"నడుస్తోంది సార్. మొయ్యలేదు. డాక్టర్ మేడమ్ వద్దన్నారు."

"మేడమ్ లేదు. నేనున్నాను. ఎక్కించు."

"ఆ పెట్టెలు నేను మోస్తాను సార్."

"నిన్ను మొయ్యమన్నానా?"

పెట్టెల్లో ఏముందని అడిగితే అత్యవసర సామాను అన్నాడు.

తెల్లవారేక బయలుదేరేం. మలుపు తిరిగి పోస్టు కనుమరుగయ్యేక ఒక పెట్టె దించి నా వీపుకి కట్టుకున్నాను. మిగతావి రెండు పక్కలా సరిచేసేను. నిట్టనిలువు ఎక్కుడు. కొండ నీడన ఇంకా మంచుంది. రాయి జారింది. చిట్టి ఆ కాలి మీదే పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. పెట్టె ఒకటి బద్దలైంది.

పింగాణీ కప్పులు. సాసర్లు. బంగారు అంచువి. పెద్ద అధికారి టీ తాగడానికి. ఆయన హెలికాప్టర్లో వస్తాడు. కప్పులు మాత్రం గుర్రం మీద వెళ్లాలి.

వైర్‌లెస్‌లో కిందికి చెప్పేను. ఆపరేటరు మా వైపు వాడే, దేవరాపల్లి. కాసేపటికి నసుగుతూ పలికేడు.

"బావా, మేజరు గారు అడగమన్నారు... కప్పులు ఎన్ని మిగిలేయని."

"గుర్రం కాలిరిగిపోనాదని సెప్పేవా లేదా?"

"సెప్పేను బావా. ముందు కప్పుల సంగతి కనుక్కోమన్నారు."

"ఆయన్నే వచ్చి ఏరుకోమను!"

ఆ మాటకి తర్వాత ఇసకమూట వీపున పెట్టి గ్రౌండు చుట్టూ పరిగెత్తించేరు. పరిగెత్తేను. క్షమాపణ అడగమన్నారు. అడగలేదు. మేడమ్ సెలవు నుంచి వచ్చి మేజరు మీద ఫిర్యాదు చేసింది. బదిలీ అయింది మేడమ్‌కే.

సర్వీసు ముగించుకుని చోడవరం వచ్చేసేను. కుంటే ఎడ్లని బుచ్చయ్యపేట నుంచి కూడా నా దగ్గరికి తోలుకొస్తారు. నేర్చుకున్నదే వాటికీ చేస్తాను. "నడిసేస్తంది కదా, సెరకు బండికి కట్టీమంటావేటి?" అని ఎవరైనా తొందరపడితే కేకలేస్తాను. మిలటరీవాడికి కోపం జాస్తని పేరొచ్చింది. రానీ.

టీ కొట్టు దగ్గర అడుగుతారు, "బాబూ, నువ్వు యుద్ధం సూసేవా?"

"లేదు. టీ కప్పులు మోసేను."

నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

వాళ్లకి చెప్పనిది ఒకటుంది. ఆ రోజు, కాలిరిగిన గుర్రాన్ని కాల్చెయ్యడానికి, సుబేదారు పిస్టల్‌తో కొండెక్కి వస్తున్నాడు. బద్దలైన పెట్టెలోంచి, కప్పులతో పాటు పెట్టిన పంచదార మంచు మీద ఒలికింది. చిట్టి మూడు కాళ్ల మీద లేచి నిలబడి, తల వంచి, దాన్ని నాకుతోంది. నేను మోకాళ్ల మీద కూచుని, దాని మూతికి గుచ్చుకోకుండా పింగాణీ ముక్కలు ఏరి పారేస్తున్నాను.