చెప్పుల కొట్టుకీ రొట్టెల కొట్టుకీ నడుమ

మస్కట్‌లో నేను బండి నడిపిన ఇళ్ళలో ఖురంలోని తెల్లవాళ్ళ విల్లా ఒకటి. పొద్దున చిన్న మేడంను ఆఫీసులో దించడం, ఆ తర్వాత ఆమె తల్లిని ఎక్కడికంటే అక్కడికి తిప్పడం నా డ్యూటీ. తల్లిని మేము పెద్ద మేడం అనేవాళ్ళం. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఎంత సన్నమంటే, ఏసీ రెండో నంబరులో పెడితే వెనక సీట్లోంచి ఎగిరి డిక్కీలో పడుతుందేమోనని నేను ఒకటో నంబరు ఎప్పుడూ దాటించలేదు.

తుఫాను వచ్చి ఖురంలోని కార్లన్నిటికీ ఈత నేర్పి వెళ్ళిన మరుసటి ఏడాది సంగతి ఇది. భర్త పోయాక ఇంగ్లండ్‌లో ఒంటరిగా ఉన్న ఆమెను కూతురు తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. వచ్చిన మూడో రోజు పెద్ద మేడం బండెక్కి, చేతిసంచి ఒళ్ళో సర్దుకుని, "హై స్ట్రీట్‌కు పోనివ్వండి" అంది. ఆమె మాట్లాడేది ఇంగ్లీషే. నేను దాన్ని నా తెలుగులోకి దించుతున్నాను. డ్రైవర్‌ని కూడా అండీ అన్నట్టుగానే మాట్లాడేది కాబట్టి ఆ మర్యాద మాత్రం కిందపడకుండా తెస్తున్నాను.

హై స్ట్రీట్ అనగానే నాకేం అనుమానం వస్తుంది? హమ్రియాలో నా రూమ్ నుంచి నడిచిపోయే దూరంలో రువి హై స్ట్రీట్ ఉంది. మా జగిత్యాల వాళ్ళకూ కడప వాళ్ళకూ మలబారు వాళ్ళకూ అది హై స్ట్రీటే. హై అంటే ఎత్తు కదా, మరి ఇది పళ్ళెంలా చదునుగా ఉందేమిటని నేను రూమ్‌లో రెండుసార్లు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎనిమిది మంది శ్రోతల్లో ఏడుగురు నిద్రపోయారు, ఎనిమిదోవాడు సబ్బు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. సరే, బండి అక్కడికే పోనిచ్చి, తలుపు తీసి, గొప్పగా దించాను.

ఆమె దిగి నిలబడింది. ఎదురుగా చీరల దుకాణం, పక్కన సూట్‌కేసుల గుట్ట, ఆ పక్కన కాఫీషాప్ ముందు నిలబడి చాయ్ తాగుతున్న నలభై మంది మగవాళ్ళు. అటు చూసింది, ఇటు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. తన ఇల్లే అనుకుని తలుపు తోసి లోపల వేరేవాళ్ళని చూసిన మనిషి చూపు.

వాళ్ళ దేశంలో ప్రతి ఊళ్ళోనూ కొట్లన్నీ ఉండే నడిమి వీధిని హై స్ట్రీట్ అంటారని ఆమె తర్వాత చెప్పింది. ఆమె అడిగింది తను పుట్టిన ఊరి హై స్ట్రీట్‌ని. ఆ నిమిషానికి తను ఏ దేశంలో ఉన్నదీ మరిచిపోయింది. గుర్తొచ్చాక నవ్వేసి, "ఫర్లేదు లెండి, ఇదీ హై స్ట్రీటే కదా" అంది.

అప్పట్నుంచి ప్రతి గురువారం అక్కడికే. చెయ్యి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించేవాణ్ణి. ఏదీ కొనేది కాదు. ఒక ఇనుప సామాన్ల కొట్టు ముందు మాత్రం ఆగిపోయేది. కళ్ళు మూసుకుని పది నిమిషాలు నిలబడేది. ఆ కొట్లో విమానం రెక్కంత ఫ్యాన్ ఉంది, దాని గాలి కోసం అనుకున్నాను నేను. ఇంతకంటే తెలివితక్కువ ఆలోచన ఆ ఏడాది ఒమాన్‌లో ఇంకెవరికీ వచ్చి ఉండదు.

దారి పొడవునా ఆమె తన వీధిని చెప్పేది. అది చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళు ఆడిన ఆట. చర్చి దగ్గర మొదలుపెట్టి రైలు స్టేషన్ దాకా ఎడమ పక్క పదిహేను కొట్లు. అన్న ఒకటి చెబితే చెల్లెలు ఆ పక్కది చెప్పాలి. ఒక్కటి తప్పినా మళ్ళీ చర్చి దగ్గర నుంచి మొదలు. అన్నకు ఇప్పుడు ఎనభై రెండేళ్ళట. డిసెంబరులో పది రోజులు చూడ్డానికి వస్తున్నాడు. అతనితో ఒక్కసారి తప్పు లేకుండా స్టేషన్ చేరాలి, అదీ ఆమె కోరిక. "ఎన్నో పోయాయండీ నా తలలోంచి" అనేది, "మా వీధి ఒక్కటి ఉంటే చాలు."

ఉంది కానీ, ఒక పన్ను ఊడింది. మాంసం కొట్టు, ఉన్ని దారాల కొట్టు, చేపలు వేయించి అమ్మే కొట్టు, చెప్పులు కుట్టే కొట్టు, అక్కడ ఆగిపోయేది. దాని అవతల రొట్టెల కొట్టు. అదీ తెలుసు. నడుమ ఒకటుంది. అదేమిటో రాదు. కిటికీ అద్దం మీద వేలితో తడుముతూ, "చెప్పుల కొట్టు... దాని పక్కన..." అని, రాక, మళ్ళీ చర్చి నుంచి. ఖురం నుంచి రువి చేరేలోపు మూడుసార్లు చర్చికి వెళ్ళొచ్చేవాళ్ళం. అన్నిసార్లు చర్చికి వెళ్ళినవాణ్ణి చూసి మా ఊళ్ళో దేవుళ్ళు నా మీద అలిగి ఉంటారు.

ఇంట్లో వంటచేసే కడప ఆవిడ ఒకరోజు గిన్నె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"అన్నా, పెద్దామె పొద్దన్నించీ ఒగటే మాట. చెప్పుల కొట్టు, దాని పక్కన... చెప్పుల కొట్టు, దాని పక్కన... మన చారులో ఉప్పేసినానో లేదో నాకే మతికి లేకుండా పోతాంది. ఏదో ఒగటి చెప్పి పున్నెం కట్టుకోగూడదా?"

"నేనేం జెప్పాలె చెల్లె? నేనేమన్న ఇంగ్లండ్ల పుట్టిన్నా?"

"నువ్వు చెప్పేదానికి పుట్టాల్న యాడన్నా? మొన్న ఘాలాలో బండి బాగుచేయించుకోని వచ్చి, ఇంజన్లో తేలు దూరింది, మూరెడుంది అంటివి. ఆ నోటికి ఒగ కొట్టు కష్టమా?"

"మూరెడు గాదు, మూరెడు మీద జానెడు."

"చూడు, మల్లా!"

ఆ తర్వాతి గురువారమే అన్నాను. జాలితో అన్నానని రాసుకుంటే బాగుంటుంది. వాదీ అదై రౌండబౌట్ దగ్గర ట్రాఫిక్ ఆగింది, బయట ఎండ పెనంలా ఉంది, మూడోసారి చర్చి మొదలైంది, నాకు విసుగు పుట్టింది. నిజం అంతే. వెనక్కి తిరక్కుండానే, "మేడం, మొన్న మీరే చెప్పారుగా. గొడుగులు బాగుచేసే కొట్టు" అన్నాను.

గొడుగులు ఎందుకంటే, వాళ్ళ ఊళ్ళో ఏడాదికి నాలుగు వందల రోజులు వాన పడుతుందని ఆమె మాటల్ని బట్టి నేను లెక్క తేల్చాను. అలాంటి చోట గొడుగుల కొట్టు లేకపోతే జనం ఎట్లా బతుకుతారు? కొట్టులో మనిషిని మాత్రం మా జగిత్యాల బస్టాండు ఎదుట నుంచి తెచ్చాను. వానాకాలమంతా అక్కడ ఒకాయన గోనెపట్టా మీద కూర్చునేవాడు. పళ్ళ మధ్య తీగముక్క, ఒళ్ళో నల్లగుడ్డ. బాగుచేసిన గొడుగుని తెచ్చినవాడి నెత్తిమీదే టప్పున తెరిచి చూపేవాడు. అదీ చెప్పాను.

అద్దంలో చూశాను. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"అవును! నెత్తిమీద తెరిచేవాడు! నేను చిన్నపిల్లని, గొడుగు తెరవగానే నాకు చీకటి పడిపోయేది. నాకు మిఠాయి ఇచ్చేవాడండీ ఆయన."

నేను మిఠాయి మాట ఎత్తనేలేదు. జగిత్యాల గొడుగులాయన ఎవరికీ మిఠాయి ఇచ్చిన పాపాన పోలేదు కూడా. నా అబద్ధానికి ఆమె తీపి చేర్చుకుంది. రొట్టెల కొట్టు, టీ కొట్టు, మందుల షాపు అనుకుంటూ గడగడా స్టేషన్ చేరింది. చేరి చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఇనుప సామాన్ల కొట్టు ముందు ఆగలేదు. నేను గమనించాను. గమనించి, హమ్మయ్య, పది నిమిషాలు కలిసొచ్చాయనుకున్నాను.

డిసెంబరులో అన్నగారు దిగాడు. తాటిచెట్టు చేతికర్ర పట్టుకుని నడిచినట్టుండే మనిషి. మొదటి రెండు రోజుల ఎండకే వేయించిన రొయ్య రంగుకు వచ్చాడు. మూడో రోజు సాయంత్రం వరండాలో టీ తాగుతూ ఆట మొదలుపెట్టారు. వాళ్ళను బీచ్‌కు తీసుకెళ్ళడానికి నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. కడప ఆవిడ ట్రే పట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయింది.

"మాంసం కొట్టు" అన్నాడు అన్న.

"ఉన్ని దారాలు."

"చేపలు."

"చెప్పులు కుట్టేవాడు."

తర్వాతిది అతని వంతు. కానీ అతను చెప్పలేదు. నవ్వి, "ఇది నీకు వదిలేస్తున్నాను. ఎప్పుడూ నీకే వదిలేవాణ్ణి కదా" అన్నాడు.

"గొడుగులు బాగుచేసే కొట్టు" అంది పెద్ద మేడం, పరీక్షలో మొదటి మార్కు వచ్చిన పిల్లలా నావైపు చూస్తూ.

అతను హాస్యమనుకున్నాడు. "కాదు, చెప్పు."

"గొడుగుల కొట్టే. నెత్తిమీద తెరిచి చూపేవాడు. మిఠాయి ఇచ్చేవాడు."

అతను కప్పు కింద పెట్టాడు. "అది మన కొట్టు. నాన్న కొట్టు. ఇనుప సామాన్లు. నువ్వు పుట్టింది ఆ మేడ మీదే."

ఆమె అతని వైపు ఎంతో మర్యాదగా చూసింది, తప్పు చిరునామాకు వచ్చిన అతిథిని చూసినట్టు. "మా నాన్న గొడుగులు బాగుచేసేవాడు కాదే" అంది.

అతను కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "రొట్టెల కొట్టు" అన్నాడు. ఆమె అందుకుంది. ఇద్దరూ స్టేషన్ చేరారు. ఆమె చప్పట్లు కొట్టింది. అతనూ కొట్టాడు.

మర్నాడు అతన్ని ఒక్కణ్ణే బండిలో తీసుకెళ్తూ ఒప్పుకున్నాను. నాకున్న ఇంగ్లీషు ఒప్పుకోవడానికి చాలనిది. అందులో తప్పించుకునే మాటలు అసలే లేవు కాబట్టి త్వరగా అయిపోయింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

కొట్టు సంగతి చెప్పాడు. పైకప్పు నుంచి తాళ్ళు వేలాడేవి. మూల డ్రమ్ములో కిరోసిన్. మేకులు తూకానికి. నాన్న తూచితే చెల్లెలు కాగితం చుట్టి పొట్లం కట్టేది, కౌంటరు ఎత్తు అందక పెట్టె మీద నిలబడి. పొట్లం చేతికిస్తూ వచ్చిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్పేది: తడవనివ్వకండి. వీధిలో ఆమెకు ఆ పేరే పెట్టారట, తడవనివ్వకండి పిల్ల.

"ఆ వరసంతా పడగొట్టేశారు. ఇప్పుడు అక్కడ కార్లు ఆపుకుంటారు" అన్నాడు. "అందుకే మా ఇద్దరి తలల్లో ఉంచుకున్నాం."

"నేను చెడగొట్టాను సార్."

"లేదు. మీరు చెప్పేటప్పటికే అది పోయింది. కానీ ఖాళీ ఉన్నన్నాళ్ళూ వెతికేది. ఇక వెతకదు."

అతను వెళ్ళిపోయాక వచ్చిన గురువారం, నేను బండిని నేరుగా రువి హై స్ట్రీట్‌లోని ఆ ఇనుప సామాన్ల కొట్టు ముందే ఆపాను. పెద్ద మేడంను లోపలికి తీసుకెళ్ళాను. తాళ్ళు, కిరోసిన్, గ్రీజు, ఇనుము. ఇన్ని నెలలూ ఆమె కళ్ళు మూసుకుని పీల్చింది ఫ్యాన్ గాలి కాదని నా ముక్కుకు అప్పుడు తెలిసింది. దుకాణదారుతో అరకిలో మేకులు తూయించి, సంచీ వద్దని, ఒక పాత కాగితం అడిగి ఆమె ముందు పరిచాను. ఇక్కడి నుంచి నేను చెప్పేదానిలో నా కల్పన ఒక్క గింజ కూడా లేదు.

ఆమె మేకుల్ని చూసింది. చేతులు వాటంతటవే కదిలాయి. కాగితం అంచు మడిచి, గరాటులా తిప్పి, కింద మొన నొక్కి, మేకులు పోసి, పైన రెండు చెవుల్లా మడతపెట్టింది. దుకాణదారు నోరు తెరిచి చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నవాడు అతను.

"మేడం" అన్నాను, నా గొంతు నాకే వినపడనంత మెల్లగా, "చెప్పుల కొట్టు పక్కన ఇదే. మీ నాన్న కొట్టు."

ఆమె ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, నుదురు ముడిపడింది.

"కాదండీ. చెప్పుల కొట్టు పక్కన గొడుగులాయన. నా డ్రైవర్ చెప్పాడు."

"ఆ డ్రైవర్ని నేనే మేడం. అబద్ధం చెప్పాను."

ఆమె నన్ను చూసి జాలిపడింది. ఆ కొట్లో వాళ్ళకు వినపడకూడదన్నట్టు దగ్గరికి వంగింది. "అతను మీకు తెలియదు. చాలా మంచివాడు. అబద్ధం చెప్పడు."

అని, పొట్లం తీసి రెండు చేతులతో నా చేతిలో పెట్టింది. బయట రువి ఎండ తెల్లగా మండుతోంది. వాన పడి ఏడు నెలలైంది.

"తడవనివ్వకండి" అంది.