దశరథం సౌండు కార్డు

దశరథం పుట్టింది సాంచాల మధ్య. మరమగ్గాలను సిరిసిల్లలో అట్లా అంటారు. పద్నాలుగేళ్లు వాటిమీద బట్ట నేశాడు. ఆ మధ్యలోనే రేడియోలు విప్పి మళ్లీ బిగించడం తనంతట తానే నేర్చుకున్నాడు. చివరికి సాంచ వదిలేసి మైకుసెట్టు కొన్నాడు. పెళ్లిళ్లకు, బోనాలకు అది కిరాయికి పోతుంది. ఇల్లు దానితోనే గడుస్తుంది. అతని ప్రాణం మాత్రం వెనుక గదిలో ఉంటుంది. గోడలకు పాత బొంతలు, గోనెసంచులు కొట్టి, కిటికీకి పరుపు ఆనించి, ఇది పాటలు రికార్డు చేసే గది అన్నాడు. తొంభై ఆరులో ఎక్కడిదో ఒక పాత కంప్యూటరు కూడా తెచ్చి పెట్టాడు.

పని ముగిశాక నేను ఆ గదికి పోయి ఓ మూల కూర్చునేవాణ్ని. నాకు పాడటం రాదు, వాయించటం రాదు. వినటం ఒక్కటే వచ్చు.

తొంభై ఎనిమిది వానాకాలంలో అతనికి ఒక మంచి పని దొరికింది. కరీంనగర్‌లో క్యాసెట్లు వేసే శ్రీధర్‌రావు బతుకమ్మ పాటలు అడిగాడు. పాడేది ఐలవ్వ. మాకు రెండు కోసుల దూరంలో ఒక పల్లెలో సేద్యం చేసుకునే ముసలమ్మ. ఆమె గొంతు వేడి జొన్నరొట్టె విరిచినట్టు ఉంటుంది. భాద్రపద అమావాస్యనాడు, అంటే పెత్రామాసనాడు, బతుకమ్మ మొదలవుతుంది కాబట్టి అంతకు ముందే క్యాసెట్టు బజారులో ఉండాలి. ఆ గది మొదలుపెట్టి రెండేళ్లయినా ఒక్క క్యాసెట్టు బయటికి రాలేదు. దసరాలోగా రాకపోతే గది మూసి, పక్కింటి అంతయ్య దగ్గర మళ్లీ సాంచ పట్టాలని భార్య చంద్రవ్వతో ఒప్పందం.

దశరథం నాలుగు పాటలు నమూనాగా పంపాడు. వారం తర్వాత శ్రీధర్‌రావు ఫోన్ చేశాడు. ఎస్టీడీ బూతులో దశరథం పక్కనే నేనున్నాను.

"పాట మంచిగున్నది దశరథం. గని ఎన్కకెల్లి ఏదో సొద వస్తున్నది. గా మిషిని మార్చు. లేకుంటే చెప్పు, ఐలవ్వను హైదరాబాద్ తీస్కపోయి చేయించుకుంట."

దశరథం ఇంటికొచ్చి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగు పాటలూ మళ్లీ విన్నాడు. పాట ఆగినచోట సన్నగా 'సుయ్' మంటోంది. నాకూ వినిపించాడు. నిజమే. మైకులోంచి వచ్చిన గొంతును కంప్యూటరుకు అర్థమయ్యే అంకెలుగా మార్చే చిన్న పలక ఒకటి లోపల ఉంటుంది. దాన్నే సౌండు కార్డు అంటారు. కంప్యూటరుతో పాటు ఉచితంగా వచ్చినది. తప్పంతా దానిదే అన్నాడు.

కరీంనగర్‌లో కంప్యూటర్లు బిగించే లింగమూర్తి దగ్గర అంతకన్నా మంచి కార్డు ఉంది. దానికి ఎనిమిది నోళ్లు. ఎనిమిది మైకులు ఒకేసారి తగిలించి ఎవరి గొంతు వారిది విడిగా పట్టవచ్చు. దశరథం దగ్గర అంత పైకం లేదని లింగమూర్తికి తెలుసు. మైకుసెట్టు ఇచ్చి కార్డు తీసుకోమన్నాడు. ముందు వారం రోజులు వాడి చూడమని చేతికిచ్చి పంపాడు.

చంద్రవ్వ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"మైకుసెట్టు ఇచ్చి గీ అరచెయ్యంత రేకు తెచ్చుకుంటవా? రేపు పెండ్లిళ్లల్ల దీన్నే మెడల ఏసుకొని ఒర్రుకుంట తిరుగు."

"నీకు తెల్వదే. దీనికి ఎనిమిది నోళ్లున్నయ్."

"ఉంటే? మైకులు గా మైకుసెట్టుయే గదా. అవి లింగమూర్తికి ఇచ్చినంక గీ ఎనిమిది నోళ్లల్ల ఏం పెడ్తవ్, బువ్వనా?"

దశరథం నా దిక్కు చూశాడు. నేను బొంత దిక్కు చూశాను.

అయినా కార్డు బిగించాడు. ఐలవ్వను, ఆమెతో పాడే ఆడవాళ్లను పిలిపించాడు. ఒక్కొక్కరి ముందు ఒక మైకు పెట్టి, కదలకుండా కూర్చుని పాడమన్నాడు. పాట వచ్చింది గానీ ఉప్పులేని కూర లాగా వచ్చింది.

"బతుకమ్మ పాట కూసొని పాడుడేందిరా, బీడీలు చేసుకుంట పాడినట్టు?" అంది ఐలవ్వ.

"జర ఓపిక పట్టవ్వా. ఇగో, నీ పాట నువ్వే విను. ఎంత సాఫ్ ఉన్నదో చూడు" అని హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాడు. అప్పటికే మేమిద్దరం విన్నాం. 'సుయ్' పూర్తిగా పోయింది. దశరథం ముఖం వెలిగిపోతోంది.

ఐలవ్వ కళ్లు మూసుకుని కాసేపు విన్నది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి అతని చేతిలో పెట్టింది.

"నా పాట ఏదిరా దశరథం? గిదంత సాంచల చప్పుడే గదా!"

"సాంచల చప్పుడా? ఏడున్నదవ్వా?"

"ఏడున్నదంటవేందిరా? టక్కు టక్కుమని నా గొంతు మీద్నే నేస్తుండ్రు గద బట్ట!"

దశరథం మళ్లీ విన్నాడు. నేనూ విన్నాను. చంద్రవ్వ కూడా చేతులు తుడుచుకుని వచ్చి విన్నది. మాకెవరికీ ఏమీ వినబడలేదు. నేను ఆ వాడకొచ్చి పదిహేనేళ్లు. వాళ్లిద్దరూ అక్కడే పుట్టినవాళ్లు. మా చెవులు ఆ చప్పుడును ఎప్పుడో లెక్కలోంచి తీసేశాయి.

ఐలవ్వ మాట తీసిపారేయడం దశరథానికి చేతకాలేదు. పాట ఆగినచోటును తెర మీద పెద్దది చేసి చూశాడు. గొంతులు లేని చోట గీత చదునుగా ఉండాలి. అక్కడ సన్నని ముళ్లు నిలబడి ఉన్నాయి, మగ్గానికి దువ్వెనలా ఉండే పన్నెలో పోగుల్లా సమానమైన ఎడంతో. అతను గది దాటి వెళ్లి గోడ అవతలి అంతయ్యను ఒక్క నిమిషం సాంచాలు ఆపమన్నాడు. అవి ఆగాయి. అప్పుడు మళ్లీ రికార్డు చేసి చూస్తే తెర మీద ముళ్లు సగానికి పడిపోయాయి. మిగతా సగం వెనుక వీధి సాంచాలవి.

"చెవులకు అందనిది కండ్లకు అందిందన్నా" అన్నాడు నాతో, నెమ్మదిగా. "శ్రీధర్‌రావు సారు సొద అన్నది గిదే. నేను పాత కార్డును ఉత్తగనే తిట్టిన. కొత్తదైతే ఇంకా మంచిగ పట్టింది, సాంచాలను."

అంతయ్య తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. "నావి నాలుగు సాంచాలు. నువ్వడిగితే గంటసేపు బంద్ పెడ్త. గని వాడ మొత్తాన్ని ఎట్ల ఆపుతవ్ రా? నువ్వేమన్న కరెంటోనివా?"

ఆ మాటకు జవాబు ఐలవ్వే చెప్పింది. "పొలాలమాస వస్తలేదా? మీ వాడోళ్లు అమాస నాడు సాంచ ముట్టరు గద."

నిజమే. చేమగ్గాల కాలం నుంచీ ఉన్న పద్ధతి అది. అమావాస్యనాడు మా వాడలో ఒక్క సాంచ కూడా ఆడదు. పెత్రామాసకు ముందు మిగిలిన అమావాస్య ఆ పొలాలమాస ఒక్కటే. ఇంకో తొమ్మిది రోజులుంది. కార్డు గడువు మూడు రోజుల్లో అయిపోతుంది. మైకుసెట్టు ఇచ్చి దాన్ని ఉంచుకోవాలా, తిరిగి ఇచ్చేసి, పాతదాన్నే నమ్ముకుని, ఉన్న ఆ ఒక్కరోజును పణంగా పెట్టాలా?

మూడు రోజులూ దశరథం ఆ గదిలోనే గడిపాడు. కొత్త కార్డుతో ఒకసారి, పాతదానితో ఒకసారి రికార్డు చేసి పక్కపక్కన పెట్టి తెర మీద చూస్తూ కూర్చున్నాడు. మూడోరోజు పొద్దున కార్డును పాత గుడ్డలో చుట్టాడు.

"కూసోబెట్టి పాడిస్తే పాట సచ్చిపోతున్నది. తిరుగుకుంట పాడేటోళ్లకు ఎనిమిది మైకులెందుకు, నడుమ ఒక్కటి సాలు" అన్నాడు. కరీంనగర్ బస్సెక్కాడు.

అమావాస్య పొద్దున వాడ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. సాంచాలు ఆడకపోవడంతో కరెంటు కూడా నిమ్మళంగా ఉంది, బల్బు అల్లాడలేదు. గది నడుమ ఒక మైకు వేలాడదీశాడు. దాని కింద చంద్రవ్వ గునుగు, తంగేడు పూలు దొరకక బంతిపూలతోనే చిన్న బతుకమ్మను పేర్చిపెట్టింది. ఐలవ్వ, మిగతా ఆడవాళ్లు దాని చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడారు. గొంతులు మైకు దగ్గరికొచ్చి, దూరం పోయి, మళ్లీ వచ్చాయి. సాయంత్రానికి పది పాటలయ్యాయి.

హెడ్‌ఫోన్లు మొదట ఐలవ్వ చెవులకే పెట్టాడు. ఆమె చివరిదాకా విన్నది.

"సాంచాలు లెవ్వు. సుయ్యిమని సన్నగ ఒకటున్నది."

"అది పాత కార్డుదవ్వా. అది పోదు."

"ఉండనీ తియ్. చెట్ల మీద సినుకు పడ్డట్టున్నది."

శ్రీధర్‌రావు పెద్దగా పొగడలేదు. "ఇప్పుడు సరే" అన్నాడు, అంతే. క్యాసెట్టు పెత్రామాసకు రెండు రోజుల ముందు వచ్చింది. పెత్రామాసనాడు వాడ చివర మైదానంలో దాన్ని మోగించింది దశరథం మైకుసెట్టే. తమ పాట వింటూ ఐలవ్వ బృందంలోని ఆడవాళ్లు దానికే చప్పట్లు కలిపారు.

మర్నాడు నేను పోయేసరికి అతను వెనుక గోడకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. అవతల అంతయ్య సాంచాలు ఆడుతున్నాయి.

"ఇగ పరేషానే అన్నా. గిప్పుడు నాకు గూడ వినపడుతున్నయ్" అన్నాడు నవ్వుతూ. శ్రీధర్‌రావు సంక్రాంతికి ఇంకో క్యాసెట్టు అడిగాడట. జేబులోంచి కొలత టేపు తీసి ఒక కొన నా చేతికిచ్చాడు.

"పట్టు. ముందుగాల ఇంకో గోడ కట్టాలె. కార్డు సంగతి అటెన్క చూద్దాం."