గరిటె ముట్టని మూడు రోజులు

అమెరికాలో, టెక్సస్‌లోని కాపెల్‌లో మా వీధికి మార్చి నెలలో ఒక జబ్బు వస్తుంది. పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్ అని వారం సెలవులిస్తారు. పెద్దలు ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి, బాగా అలిసిపోయి తిరిగి రావాలి. వెళ్ళనివాళ్ళను వీధిలో అనుమానంగా చూస్తారు, ఉద్యోగం గానీ పోయిందేమోనని.

ఆ ఏడు నాకు ఆ జబ్బు ఎడారి రూపంలో తగులుకుంది. ఆఫీసులో నా పక్కన కూర్చునే అమెరికన్ ఒకాయన పశ్చిమ టెక్సస్‌లో, సముద్రానికి అయిదు వేల అడుగుల ఎత్తున ఉండే ఎడారికి ట్రైలర్ లాక్కెళ్ళి వచ్చాడు. ట్రైలర్ అంటే ట్రక్కు వెనక కట్టుకుని ఈడ్చుకుపోయే చక్రాల ఇల్లు. వచ్చినప్పటినుంచీ ఆ మనిషి మనిషిలా లేడు. కాఫీ మెషీన్ దగ్గర నిలబడి గోడవంక చూస్తూ, "ఆహా, ఆకాశం!" అనేవాడు. గోడలో ఆకాశం చూసే స్థాయికి చేరిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. మూడు వారాలు విన్నాక నాకూ అంటుకుంది.

ఇలాంటివి ఒక్కడివల్ల అయ్యే పనులు కావు. పక్క వీధిలో ఉండే నిజామాబాద్ మిత్రుణ్ణి కలుపుకున్నాను. అతనికి ఏనుగును లాగగల పికప్ ట్రక్కు ఉంది. అప్పటిదాకా అది మోసిన అతిపెద్ద బరువు ఇండియన్ స్టోర్ నుంచి రెండు బియ్యం బస్తాలు. అతనూ, అతని భార్యా, నేనూ, మా ఆవిడా, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ, వెరసి అయిదుగురం.

అసలు ఎడారి మా ఇంట్లోనే ఎదురైంది.

"అక్కడ స్టవ్ ఉంటుందా?" అంది మా ఆవిడ.

"ఉండకపోవటమేంటి? ట్రైలర్లో మూడు బర్నర్లు!" అన్నాను గర్వంగా.

"అయితే నేను రాను."

ఆ కోపం న్యాయమైనదే. పదహారేళ్ళ మా అమెరికా కాపురంలో ఆవిడ చూడని కొండ లేదు, వండని కొండా లేదు. పొగమంచు కొండల్లో చెక్క ఇల్లు తీసుకుంటే పన్నెండుమందికి ఉప్మా చేసింది. సముద్రం ఒడ్డున సాంబారు పెట్టింది. నయాగరాకు వెళ్ళినప్పుడు మోటెల్ వాళ్ళకు తెలియకుండా బాత్రూంలో రైస్ కుక్కర్ పెట్టింది. బయట జలపాతం హోరు, లోపల కుక్కర్ ఆవిరి. రెంటిలో ఆవిడ దగ్గర నిలబడి చూసింది రెండోదే.

"గ్రాండ్ కాన్యన్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే," అంది, "అక్కడి గదిలో ఎడమ బర్నర్ సరిగ్గా వెలగదని చెప్పగలను. అంతకుమించి నాకేం తెలీదు. మీకూ మీ స్నేహితులకూ వెకేషన్, నాకు ట్రాన్స్‌ఫర్."

తర్వాత షరతు పెట్టింది. మూడు రోజులు గరిటె ముట్టదు. టీ పెట్టదు. పాలు పొంగుతుంటే చూస్తూ కూర్చుంటుంది. పెళ్ళైన తర్వాత తనకు దక్కబోయే మొదటి మూడు రోజులవి. అందులో ఒక్క పూట తగ్గినా ఇక జన్మలో నాతో ఎక్కడికీ రాదు. నేను గుండెమీద చెయ్యి వేసుకుని, అక్కడ నీ చేత చెంచా కూడా పట్టించనని ప్రమాణం చేశాను. 'అక్కడ' అన్న మాట మీదే తర్వాత నా కొంప మునుగుతుందని అప్పటికి తెలియదు.

ట్రైలర్ అద్దెకిచ్చేది ఊరి బయట ఉండే ఒక ముసలాయన. ఆయన మీసాల వైశాల్యంలో మా ఇల్లు కట్టుకోవచ్చు. రెండు గంటలపాటు పాఠం చెప్పాడు. ట్రక్కుకి ఎలా తగిలించాలి, ఎత్తు మీద రాత్రిళ్ళు గడ్డకట్టే చలికి గొట్టాలు పగలకుండా నీళ్ళు ఎలా వంపెయ్యాలి, మరుగుదొడ్డి తొట్టి ఎలా ఖాళీ చెయ్యాలి. ఈ చివరిది చెబుతున్నప్పుడు రెండు మాస్టర్స్ డిగ్రీలున్న మా నిజామాబాదాయన ఫోన్ వచ్చినట్టు నటిస్తూ ట్రక్కు వెనక్కి వెళ్ళిపోయాడు.

ఈలోగా అతని భార్య లోపలినుంచి కేక పెట్టింది. "వదినా, జల్ది రాండ్రి! పొయ్యి ఎంత మంచిగున్నదో చూడుండ్రి!"

మా ఆవిడ నావంక చూసింది. నేను ముసలాయన దగ్గర పసుపుపచ్చ టేపు అడిగి తీసుకుని, మూడు బర్నర్ల మీదా అట్టముక్క పెట్టి, హత్య జరిగిన చోటుకు వేసినట్టు అడ్డంగా నాలుగు వరసలు వేశాను. ముసలాయన కారణం అడిగాడు. మా మతాచారం అని చెప్పాను. ఆయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

మేము వచ్చేస్తుంటే ఆయన చెప్పిన విషయం ఇంకొకటుంది. మేము బుక్ చేసిన చోట కరెంటు ఉండదు. ట్రైలర్లో మైక్రోవేవ్ ఉన్నా అది అలమరాయే.

మర్నాడు ఆదివారం ప్లానింగ్ మీటింగ్, మా డైనింగ్ టేబుల్ దగ్గర. మిత్రుడు లాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచాడు. 'దారి' అన్న పేజీలో రెండు వరసలు: బయల్దేరుట, చేరుట. 'చూడవలసినవి'లో ఒక్కటే: ఎడారి. 'ఫుడ్' పేజీ మాత్రం కిందికి లాగుతుంటే మౌస్ చక్రం వేడెక్కింది.

"గిది సింపుల్ అన్నా," అన్నాడు. "అక్కడ కరెంట్ లేదు. అక్కడ వదిన గరిటె ముట్టొద్దు. అంటే ఏంది? అన్నీ ఈడనే చేస్కొని పోవాలె."

ఆ తర్కానికి నేను చప్పట్లు కొట్టాను. చప్పట్లు కొట్టిన చేతులు ఇవే.

"బ్రెడ్, పీనట్ బటర్ తీసుకెళ్ళొచ్చు కదా?" అంది మా అమ్మాయి.

అందరం దానివంక, టైర్లు కొరుక్కు తిందామన్నట్టు చూశాం.

"పులిహోర ఒక్కటి కలిపేస్తే చాలు," అన్నాను.

"పులిహోర ఒక్కటీ ఏం సరిపోతుంది?" అంది మా ఆవిడ. ఇది రికార్డులో ఉండాలి, ఆ మాట ఆవిడే అంది. అయిదుగురిని ఎడారిలో పులిహోరతో వదిలేసిందన్న పేరు ఆవిడ భరించలేదు. పెరుగన్నం చేరింది. పెరుగన్నంలోకి గోంగూర. వేపుడు లేకపోతే ఎలా అని దొండకాయ. చలికి కారప్పొడి. దారిలో నోరాడించడానికి చేగోడీలు. చపాతీల దగ్గర మిత్రుడు వేళ్ళు మడిచి లెక్కేశాడు.

"మనిషికి పూటకు నాలుగు. తొమ్మిది పూటలు, ఐదుగురం. నూట ఎనభై. గెస్టులొస్తే?"

"ఎడారికి గెస్టులెవరండీ, అన్నయ్యగారూ?"

"పక్కన దిగినోళ్ళుంటరు కద వదినా. చూస్కుంట తింటమా?"

రెండు వందలకు ఖాయం చేశాం. మిత్రుడి భార్యకు ఆ వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్, ఊపిరి పీల్చే తీరిక లేదు. అందుకని కాగితం ప్లేట్లు, టిష్యూలు వాళ్ళ వాటాకు వచ్చాయి. మిగిలిన వరసలన్నిటి పక్కనా మిత్రుడు ఒకటే పేరు కొట్టి, కాపీ చేసి, కిందిదాకా లాగాడు. ఆ సాయంత్రమే మా ఆవిడ చింతపండు నానబెట్టింది.

సోమవారం ఇల్లు గోంగూర. మంగళవారం నూనె. బుధవారం నాకు ఆఫీసులో ఎదురైనవాళ్ళు ఎవరూ దగ్గరికి రాకుండా చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. గురువారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వంటింట్లో డబ్బాల మీద డబ్బాలు కప్పుదాకా లేచాయి. ఆ గోపురాల మధ్య మా ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది, మోచేతులదాకా పిండి. ఎదురుగా నూట నలభై ఆరో చపాతీ.

"ఏవండీ," అంది, గొంతు పెంచకుండా. గొంతు పెంచి ఉంటే నేను బయటపడేవాణ్ణి. "మూడు రోజులు వంట తప్పించుకోడానికి నేను ఎన్నాళ్ళనుంచి వండుతున్నాను?"

నేను కప్పువంక చూశాను. అక్కడా డబ్బాలే.

"సండే నుంచి అమ్మా," అంది మా అమ్మాయి, చేగోడీ కొరుకుతూ. "దట్స్ ఫైవ్ డేస్."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మిత్రుడు. మా ఆవిడ పిండి చేత్తోనే స్పీకర్ నొక్కింది.

"వదినా, షీట్‌ల కరివేపాకు పొడి మర్చిపోయినం!"

"మీరు ఏమీ మర్చిపోలేదు అన్నయ్యగారూ. చెప్పడం నేనే మర్చిపోయాను, నేను ట్రిప్‌కి రావడంలేదు."

"గట్లంటరేంది వదినా! మీ కోసమే కద గిదంత!"

"అవును. నా కోసమే. రేపు పొద్దున మీరంతా వెళ్ళిపోతారు. ఈ డబ్బాలన్నీ వెళ్ళిపోతాయి. తినేవాళ్ళు ఉండరు. ఇంతకంటే మంచి క్యాంపింగ్ నాకెక్కడ దొరుకుతుంది?"

"మీరు రాకుంటే ఏ డబ్బల ఏమున్నదో ఎవలకు తెలుస్తది?"

"మూత తీస్తే తెలుస్తుంది."

స్పీకర్ ఆపేసి, మిగిలిన పిండిముద్దను నా చేతిలో పెట్టి, చేతులు కడుక్కుని మేడమీదికి వెళ్ళింది. మిగిలిన యాభై నాలుగు చపాతీలూ నేనే ఒత్తాను. వాటి ఆకారం చూసి మా అమ్మాయి ఒక్కోదానికీ ఒక్కో ఖండం పేరు పెట్టింది.

శుక్రవారం పొద్దున్నే ట్రైలర్ మా ఇంటి ముందు నిలబడితే వీధి సగం మూసుకుపోయింది. డబ్బాలు ఎక్కించడానికి గంట పట్టింది. బట్టలకు చోటు లేక స్వెట్టర్లన్నీ ఒంటిమీదే వేసుకున్నాం. ఆఖరి నిమిషంలో మా అమ్మాయి తల్లి పక్కకు చేరింది.

"అమ్మా, నేను కూడా నీతో ఉండొచ్చా? నేనేం తినను."

"నువ్వూ వెళ్ళు తల్లీ," అంది మా ఆవిడ, దాని నుదుటిమీద ముద్దు పెట్టి ట్రక్కు ఎక్కిస్తూ. తర్వాత గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ఊపింది. మా పెళ్ళి ఆల్బంలో ఎనభై ఫొటోలున్నాయి, ఒక్కదానిలోనూ ఆ నవ్వు లేదు.

వీధి మలుపుదాకా వెళ్ళాక టార్చిలైటు మర్చిపోయామని గుర్తొచ్చింది. ఆ బండిని వెనక్కి తిప్పడం మా నలుగురి చదువులూ కలిపినా అయ్యేపని కాదు కనక, నేను దిగి పరిగెత్తాను, మూడు స్వెట్టర్లతో. తలుపు అప్పటికే గడియపడింది. బెల్లు కొట్టాను.

"ఎవరు?"

"నేనే."

"ఏం కావాలి?"

"టార్చిలైటు."

లోపల అడుగుల చప్పుడు దూరంగా వెళ్ళి, తీరుబడిగా తిరిగొచ్చింది. పక్కనున్న కిటికీ బెత్తెడు తెరుచుకుంది. గాజులున్న చెయ్యి ఒకటి టార్చి బయటపెట్టింది. నేను అందుకుని, ఇంకేదైనా అంటుందేమోనని నిలబడ్డాను.

కిటికీ మూసుకుంది. కర్టెన్ కూడా.