స్టీరింగ్ బరువని చెప్పాను

కారు చూడటానికి వెళ్తే మా ఆయన బానెట్ ఎత్తేవాడు కాదు, టైర్లను కాలితో తన్నేవాడు కాదు. తిన్నగా డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టేవాడు. ఓ అరగంట నడిపి వచ్చి, ‘తీస్కో’ అనో ‘వద్దులే’ అనో ఒక్క ముక్క చెప్పేవాడు. సూర్యాపేటలో మా చుట్టాలెవరు పాత కారు కొన్నా ముందు మా ఇంటికి వచ్చి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. మైలేజీ ఎంత, ఏసీ పనిచేస్తుందా అని వాళ్లు అడుగుతుంటే, అవి ఎవడైనా చెప్తాడన్నట్టు చూసేవాడు.

ఆయన విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగి. మఠంపల్లి నుంచి దామరచర్ల దాకా ఆయన కారు తిరగని ఊరు లేదు. ఏ కారు స్టీరింగ్ మంచిదని ఎవరైనా అడగడమే ఆలస్యం, జవాబు సిద్ధంగా ఉండేది. పవర్ స్టీరింగ్ లేని పాత చిన్న పెట్రోలు కారుది మొదటి స్థానం. ఆగి ఉన్నప్పుడు తిప్పాలంటే చెమటలు పట్టిస్తుంది కానీ, కదిలాక అంత నిజం చెప్పే కారు ఇంకొకటి లేదట. దాని తర్వాత, నూనె ఒత్తిడితో పనిచేసే పాత రకం పవర్ స్టీరింగ్ ఉన్న డీజిలు కార్లు. అవి చేతి కష్టాన్ని తగ్గిస్తాయి, రోడ్డు సంగతి మాత్రం దాచవు. ఇప్పుడొచ్చే కరెంటు మోటారు స్టీరింగులంటే ఆయనకు చిన్నచూపు. వాటిలోనూ కొన్ని బాగుంటాయని ఒప్పుకునేవాడు, అదీ ముక్కుతూ మూలుగుతూ.

నాకు కారు నేర్పింది కూడా ఆయనే. బడికి స్కూటీ మీద వెళ్లే టీచరమ్మకు కారెందుకని నేనంటే, ‘ఎన్నడన్న అక్కరకొస్తది’ అన్నాడు. కోతలప్పుడు మా వైపు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అక్కడక్కడా రాళ్లు పెడతారు. ఎదురుగా లారీ వస్తే మనం వడ్ల మీదికి ఎక్కక తప్పదు.

‘వడ్ల మీదికి టైరు ఎక్కంగనే చేతులకు తెల్వాలె,’ అనేవాడు. ‘స్టీరింగ్ ఒక్కపారి ఉత్తదైనట్టు అయితది. అప్పుడు జర మెల్లగ పోవాలె గని, బ్రేక్ గట్టిగ తొక్కినవంటే ఖతం. ఆ సంగతి చెప్పని స్టీరింగ్ ఎందుకు, బొమ్మ కారుకు పెట్టుకోను.’

నిరుడు ఒకరోజు పొద్దున చాయ్ గ్లాసు అందుకోబోతే ఆయన కుడిచెయ్యి లేవలేదు. పక్షవాతం అన్నారు. దవాఖానలో ఉన్నన్నాళ్లూ ఉండి ఇంటికొచ్చాక కాలు మెల్లగా దారికొచ్చింది. చెయ్యి రాలేదు. వేళ్లు ముడుచుకుంటాయి, పట్టు మాత్రం ఉండదు. మళ్లీ కారు నడపొచ్చా అని ఆయన అడిగిన మొదటి ప్రశ్నకు డాక్టరు, ‘ఎక్సర్‌సైజులు మానకుండా చెయ్యండి. గేర్లు లేని కారు, స్టీరింగ్ బాగా తేలికగా ఉన్నది దొరికితే, ఎడమచేత్తో నడపగలరేమో నేను చూసి చెప్తాను’ అన్నాడు. ఆయన ఆ మాట పట్టుకుని బతికాడు. రోజూ పొద్దున నేను బడికి పోగానే ఆటో ఎక్కి ఎక్సర్‌సైజులకు వెళ్లేవాడు.

ఈలోగా ఇంట్లో ఉన్న గేర్ల కారు నడపడం నా వంతయింది. మొదట భయంతో నడిపాను. తర్వాత అలవాటుతో నడిపాను. ఆ తర్వాత ఇష్టంతో నడిపాను. పాతికేళ్లు పక్క సీట్లో కూర్చున్న నాకు డ్రైవింగ్ ఇంత ఇష్టమని, ఆయన చెయ్యి పడిపోయాకే తెలిసింది. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది. దవాఖానకు తీసుకెళ్తూ కూడా, హైవే ఎక్కగానే లోపల ఏదో హాయి. పక్కన ఆయన మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండేవాడు.

పాత కారు తరచూ మొరాయిస్తుంటే అమ్మేద్దామనుకున్నాం. కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి అమ్మకానికి ఉన్నాయని తెలిసింది. యాసంగి కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక ఆదివారం రెండూ చూసి రావడానికి బయల్దేరాం. కోదాడది గేర్లున్న డీజిలు కారు. మిర్యాలగూడది గేర్లు లేనిది, స్టీరింగ్ చాలా తేలికని అందరూ చెప్పింది. మేం వెళ్లిందే ఆ రెండోదాని కోసం. మొదటిది దారిలో ఉంది కాబట్టి చూద్దామన్నాడు, అంతే.

కోదాడలో కారాయన రిటైరైన లెక్చరర్. ‘తీసుకెళ్లి నడిపి చూడండమ్మా, పర్లేదు,’ అని తాళం చేతికిచ్చేశాడు. మా ఆయన పక్కన కూర్చున్నాడు. హుజూర్‌నగర్ రోడ్డు ఎక్కించాను.

మొదటి మలుపులోనే నాకు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆయన చెప్తుంటే చాదస్తం అనుకున్నదంతా నా అరచేతుల్లోకి వచ్చింది. తారు ఎక్కడ గరుకుగా ఉందో, ఎక్కడ అతుకు వేశారో, ముందు టైరు ఏ అంచున పోతుందో అన్నీ తెలుస్తున్నాయి. ఆయన కళ్లు మూసుకుని ఒక్కొక్కటే అడిగాడు.

‘నడుమల ఆట ఉన్నదా, వదులుగ ఊకె తిరుగుతున్నదా?’

‘లేదు. ఇట్ల అనంగనే అట్ల పోతుంది.’

‘మలుపు అయిపోయినంక దానంతటదే తిరిగొస్తున్నదా?’

‘వస్తుంది. చెయ్యి వదులు చేస్తే చాలు.’

‘చేతులల్ల ఏమన్న చెప్తున్నదా?’

‘అన్నీ చెప్తుందండీ,’ అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినపడింది. ఆయన కళ్లు తెరిచి నా వైపు చూసి నవ్వాడు. ‘మంచి కారు. గని మనకు గాదు,’ అన్నాడు. నాకు కాదు అనలేదు, మనకు అన్నాడు.

అక్కడినుంచి మా పాత కారులో నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వెళ్తుంటే, నా మనసు మాత్రం కోదాడలోనే ఉండిపోయింది. ఆయన ఉత్సాహంగా మాట్లాడుతూనే ఉన్నాడు. ‘ముందుగాల నువ్వు నడిపి సూడు. తేలికగ తిరిగితే అప్పుడు నేను కూసుంట. ఎడమచేత్తోని ఇట్ల తిప్పి సూస్త,’ అంటూ గాల్లో తిప్పి చూపించాడు. స్టీరింగ్ చక్రానికి ఒక గుండ్రటి పిడి బిగిస్తారట, దాన్ని పట్టుకుని ఒక్క చేత్తో తిప్పొచ్చట. అది ఎక్కడ దొరుకుతుందో కూడా అప్పటికే కనుక్కుని ఉన్నాడు. నేను ఊ కొట్టాను.

మిర్యాలగూడలో కారు వాళ్లది రైసు మిల్లు. వాకిట్లో నలుగురైదుగురు మగవాళ్లు కుర్చీలేసుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లను చూడగానే ఆయన కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే అలసిపోయి ఉన్నాడు, ఒక కుర్చీలో కూర్చుండిపోయాడు. మిల్లాయన తమ్ముడు నా పక్కన ఎక్కాడు.

ఆ కారు స్టీరింగ్ ఎంత తేలికో చెప్పాలంటే, మిల్లు గేటు దగ్గర ఒక్క వేలితో మొత్తం తిప్పేశాను. ఎడమచెయ్యి కాదు కదా, చిటికెన వేలు చాలు. ఊరు దాటాక రోడ్డు మీద వడ్లు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వడ్ల అంచు ఎక్కించాను. టైర్ల కింద గింజల చప్పుడు చెవులకు వినపడింది, చేతులకు మాత్రం ఏమీ తెలియలేదు. అదొక్కటే ఆ కారుకు లోపం. ఆయనకు కావలసినదంతా ఆ కారులో ఉంది.

తిరిగొచ్చి ఆపగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కిటికీ దగ్గరకు వచ్చి, కుర్చీల్లో ఉన్నవాళ్లకు వినపడకుండా అడిగాడు.

‘తిరుగుతదా?’

ఆ ఒక్క మాటలో ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

‘బరువే ఉందండీ. మీ ఒక్క చేత్తో కాదు.’

పక్క సీట్లో ఉన్న మిల్లాయన తమ్ముడు నా మొహం వంక చూశాడు. అబద్ధమని ఎక్కడ అనేస్తాడోనని భయపడ్డాను. అతను చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. కొనేవాళ్లు వంక పెట్టకుండా బేరం ఎక్కడుంటుంది? ధర తగ్గించడానికి అంటున్నానని అనుకుని ఉంటాడు. మా ఆయన తనే డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తాడేమోనని కూడా భయపడ్డాను. చూడడని లోపల నాకు తెలుసు. అంతమంది మగవాళ్ల ముందు ఆ చెయ్యి జేబులోంచి తియ్యడు. నేను ఆ ధైర్యంతోనే అబద్ధం ఆడాను.

‘అట్లనా,’ అన్నాడు. మిల్లు వాళ్లకు ‘మళ్ల చెప్తం’ అని చెప్పి వచ్చి మా కారెక్కాడు.

సూర్యాపేట వచ్చేదాకా నాకు నేనే వకీలునయ్యాను. వడ్ల మీద ఎక్కినా చెప్పని స్టీరింగ్, ఒంటిచేత్తో మనిషి, ఏదైనా అయితే? ఆయన మంచికే కదా అన్నాను. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట ఆయనతో అని, కూర్చుని చూడనిచ్చి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి ఉండొచ్చు. అలా చెయ్యకపోవడానికి కారణం కోదాడలో ఉంది. ఆ తర్వాతి వారమే ఆ కోదాడ కారు కొన్నాం. ‘నడిపేది నువ్వే గదా, నీకు నచ్చిందే తీస్కుందం,’ అన్నాడు ఆయన. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ ఎడమచేత్తో కొట్టబోయి, ఆగి, నా చేతికిచ్చాడు.

అప్పట్నుంచి ఆ స్టీరింగ్ పట్టుకున్న ప్రతిసారీ రెండూ కలిసే వచ్చేవి, సంతోషమూ తప్పు చేశానన్న బాధా. ‘ఎట్లున్నది, బాగ నడుస్తున్నదా?’ అని ఆయన అడిగితే, ‘ఏం బాగు, చేతులు గుంజుతున్నాయి’ అనేదాన్ని. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు. ఆయన పాపం, ఇంటికొచ్చాక నా భుజాలకు రాసుకొమ్మని నొప్పుల మందు తెచ్చి పెట్టేవాడు.

మొన్న కోదాడలో చుట్టాలింట్లో ఫంక్షన్‌కు వెళ్లాం. అక్కడ ఉండగా, ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి ఫోన్ చేసింది. సార్ చాలా రోజులుగా రావట్లేదని, ఒంట్లో బాగుందా అని అడిగింది. పొద్దున్నే తయారై ఆటో ఎక్కేవాడు కదా, మరి ఎక్కడికి పోతున్నాడు? నా కోపం సంగతి మా బళ్లో పిల్లలకు బాగా తెలుసు. తిరుగు దారిలో చాయ్ కోసం ఆపిన చోట, చాయ్ రాకముందే కారులోనే నిలదీశాను.

‘ఎక్సర్‌సైజులకు పోతలేరంట. రోజూ ఎక్కడికి పోతున్నరు?’

‘బస్టాండు కాడ కూసుంటున్న,’ అన్నాడు.

‘ఎందుకు? బాగు కావాలని లేదా మీకు?’

ఆయన కోప్పడలేదు. నాకు లెక్క విప్పి చెప్తున్నట్టు నిదానంగా చెప్పాడు. ‘మిర్యాలగూడ కారంత తేలిక స్టీరింగ్ ఇంకోటి ఉండదని అందరు చెప్పిన్రు. గదే బరువన్నవు. అంటె ఇగ ఏ కారూ నాతోని గాదు. మంచిగున్న చెయ్యే పనికిరానప్పుడు, పడిపోయిన చెయ్యికి కసరత్తు దేనికి?’

నేను ఒక కారు గురించి అబద్ధం చెప్పాననుకున్నాను. ఆయన దాన్ని తన చెయ్యి గురించిన నిజంగా తీసుకున్నాడు. ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

చెప్పేశాను. ఆ స్టీరింగ్ బరువు లేదని, ఒక్క వేలితో తిరిగిందని, నాకు ఈ కారు కావాలనిపించి అలా అన్నానని. మీ మంచికే అనుకున్నాననే మాట కూడా గొంతుదాకా వచ్చింది, దాన్ని మింగేశాను. చాయ్‌లు తెచ్చిన మనిషి కిటికీ దగ్గర నిలబడ్డాడు. రెండూ అందుకుని డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. ఎవరమూ తాగలేదు.

ఆయన ఎడమచెయ్యిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, దానికేసే చూస్తూ మాట్లాడాడు.

‘నీ మీద కోపం లేదనను. ఉన్నది. కారు పోతే పోయింది, దాని సంగతి ఇడిసిపెట్టు. గని ఇన్నొద్దులసంది ఈ చెయ్యిని తిట్టుకున్న నేను. తిన్నా పన్నా దీన్నే తిట్టుకున్న. నాకున్నది ఇదొక్కటే గదనే.’