తొడిమ ఊడని కాయలు

నేను అయిదో తరగతి దాకా చదివాను. మా పాల సంఘానికి మొదటి అధ్యక్షురాల్ని నేనే. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకి దగ్గరుండి వంటలు చేయించింది నేనే. గుమ్మడికాయని మళ్ళీ కాపు దాకా అటక మీద నిలవ ఉంచడం ఈ ఇంట్లో అందరికీ నేర్పిందీ నేనే. అయినా ఇది నా సంగతి కాదు, మా తోటికోడలి సంగతి.

ఆమెని అందరం నిమ్మళం అంటాం. కోపమొచ్చినా నవ్వొచ్చినా ముఖంలో తెలియదు. ఆమె మొగుడు, మా మరిది, చనిపోయిన వారమే గుమ్మడికాయ కోతకొచ్చింది. పరామర్శకి వచ్చిన చుట్టాలు ఊరికే కూర్చోలేక, సాయం చేద్దామని పాదుల్లోకి దిగారు. బిందె మెడ పట్టుకున్నట్టు తొడిమలు పట్టుకుని మోసుకొచ్చారు. సగం తొడిమలు ఊడిపోయాయి. అవి ఊడిన చోటునుంచే కుళ్ళు లోపలికి దిగుతుంది. "వద్దర్రా" అని నేను అరిచేసరికే అరుగు నిండిపోయింది. ఆమె చూస్తూ కూర్చుంది.

ఆ అరుగు మీదే వాళ్ళన్నయ్య అన్నాడు.

"చెల్లీ, ఒక్కదానివి ఏం తిని ఉంటావు? మా ఇంటికి వచ్చెయ్యి."

"కాయలున్నాయిగా అన్నయ్యా."

"అటక ఖాళీ అయ్యాక బండి తెస్తా. మాటేనా?"

"సరే" అంది, ఎవరో ఉప్పు అడిగితే ఇచ్చినట్టు.

తొడిమ ఊడినవాటిని ముందు వండేసింది. మిగతావాటిని తోలు గట్టిపడేదాకా ఎండలో ఉంచి, ఒక్కోదానికి గడ్డితో చుట్టకుదురు చేసి, ఒకదానికొకటి తగలకుండా అటకెక్కించింది. పొద్దున్నే నిచ్చెనెక్కి వేలి గణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే ఉంచేది. మెత్తగా పలికితే ఆ పూటే కత్తిపీట ముందుకి.

"రోజూ ఇదే తింటే నీ ముఖమూ గుమ్మడికాయవుతుందే" అన్నాను ఒకసారి. నవ్వలేదు.

"రుచి తెలుస్తోందా అసలు?"

"ఉప్పు వేసిన గుర్తుందక్కా" అంది.

ఎండలు ముదిరాక అన్నయ్య బండి తోలుకొచ్చాడు. అటక మీద ఒక్క కాయే మిగిలింది. "ఇంకేం, ఖాళీ అయినట్టే" అన్నాడు. ఆమె అడుగున రెండు చేతులూ వేసి దాన్ని దింపింది. కోస్తే ఎక్కడా మచ్చ లేదు. సగం వండి అన్నకి పెట్టింది. గింజలు కడిగి చేటలో ఎండబోసింది.

"సంచి సర్దుకో" అన్నాడతను చెయ్యి కడుక్కుంటూ.

"ఇవి ఎండాలి. తొలకరికి పాదు పెట్టాలి."

"నువ్వా? అదంతా బావ చూసుకునేవాడు కదే!"

"అందుకే ఈ కాయ ఉంచాను."

"మాటిచ్చావు మరి?"

"ఇచ్చాను. తప్పుతున్నాను."

అతను నా వంక తిరిగాడు. "మీరైనా చెప్పండి అక్కయ్యగారూ. కాపొచ్చేదాకా ఏం తింటుందిది?"

"మేం తినేదే. గోడవతలే కదా మా పొయ్యి" అన్నాను.

బండి వచ్చినట్టే ఖాళీగా వెళ్ళింది. ఆమె గుమ్మం దాకా కూడా రాలేదు. ఏడుస్తోందేమోనని లోపలికి తొంగి చూశాను. నిచ్చెన మీద నిలబడి, ఖాళీ కుదుళ్ళు ఒక్కొక్కటే దులిపి, మళ్ళీ అటక మీద సర్దుతోంది.

ఆ కుదుళ్ళు చుట్టడం నేర్పిందీ నేనే.