సావుకారి కన్నుగీటు

నిన్న హుకుంపేట సంతలో కొత్త చింతపండు వాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి. మన చిన్నప్పటి సావుకారు గుర్తున్నాడా? అమ్మ అమ్మకానికి తెచ్చిన చింతపండు బుట్ట దించగానే నావైపు చూసి కన్నుగీటేవాడు. గీటు అంటే గీత, మూసిన కన్ను గీతలా ఉంటుందని మాస్టారు చెప్పారు. నాకు మాత్రం దాని అర్థం స్నేహం.

"సావుకారు మంచోడే గుంటా, నీకేసి సూసి నవ్వుతన్నాడు" అనేది అమ్మ. నేనూ తిరిగి గీటేదాన్ని.

నిన్న చింతపండు అమ్మడానికి వచ్చిన ఒక పాప వెనక, తూకం వేసే కాటావాడి పక్కన నిలబడ్డాను. ఇప్పటి సావుకారు పాప తలమీదుగా కన్నుగీటాడు. వెంటనే కాటావాడు చింతపండు పళ్లేన్ని తూకం తగ్గేలా కిందనుంచి కాలివేలితో ఎత్తిపట్టాడు.

ఆ దొంగ సచ్చినోడు మన చిన్నప్పుడు గీటింది నాకు కాదు, నా వెనక కాటావాడికి!

పాప సంబరంగా తిరిగి కన్నుగీటింది. అచ్చం నాలాగే.