లేటెక్స్ గ్లవ్స్, గట్టిపడని అచ్చు

క్రిస్మస్ ఆరాధనకు కొవ్వొత్తులన్నీ నేనే చేస్తానని చర్చిలో గొప్పగా మాటిచ్చాను. అచ్చు కోసం సాగే సిలికాన్ రబ్బరు ద్రవం కొని, కలిపి రెండుసార్లు పోశాను. రెండుసార్లూ గట్టిపడకుండా జిగురులా మిగిలింది. ఈ ఉదయం డ్యూటీ దిగి, కోపంగా ఆ ముద్దను తీసుకెళ్లి ఢిల్లీ జనక్‌పురిలో ఆ రబ్బరు అమ్మినాయన ముందు పెట్టాను.

"దీదీ, మీరు నర్సా?" అన్నాడు.

"హా భయ్యా. ఎలా తెలిసింది?"

"ఆసుపత్రి లేటెక్స్ గ్లవ్స్ వేసుకుని కలిపారు కదా! అవి తగిలితే ఈ రబ్బరు గట్టిపడదు. ప్లాస్టిక్‌వి వేసుకోండి, బస్, అంతే."

ఇంటికొచ్చి అలాగే పోశాను. సాయంత్రానికి అచ్చు చక్కగా ఊడి వచ్చింది. హమ్మయ్య, పరువు దక్కింది!

మీ ఉద్యోగపు అలవాటు ఇంట్లో ఏం పాడుచేసిందో చెప్పండి. నేనొక్కదాన్నే కాదని తెలిస్తే హాయిగా నిద్రపోతాను.